నైగాగా చెట్టు

బుసెంగేరా
8 ఫిబ్రవరి 1995

కాంటోనోకి, నీ మేనత్త నైగాగా రాస్తున్నది.

ముందు మన పద్ధతి పలకరింపు: అక్కడ నువ్వు చేస్తున్న పనికి నా మెచ్చుకోలు. ఇక్కడ నా పనిని నువ్వూ మెచ్చుకున్నావనే అనుకుంటాను, ఉత్తరం రాసి ఐదు నెలలైనా. చెట్లకి నీళ్ళు పోసే తీరిక ఉంటుంది గానీ అత్తకి రెండు ముక్కలు రాసే తీరిక ఉండదు దీనికి అని పక్కింటావిడతో అంటే, "చెట్లు ఎదురు చెప్పవుగా, అందుకే వాటి దగ్గరుంది" అంది. నీ తరఫున నేనే నవ్వాను.

ఎండలు మండిపోతున్నాయి. చిలగడదుంప ఎండుముక్కలతో రోజులు నెడుతున్నాం. మా వాకిట్లో మ్వులే చెట్టు మాత్రం ఏటా లాగే తెల్లటి తోకలు రాలుస్తోంది. గొంగళిపురుగుల్లా ఇంటినిండా అవే. పొద్దున్న ఊడిస్తే మధ్యాహ్నానికి మళ్ళీ. కాయా లేదు, పండూ లేదు, చెత్త మాత్రం దండిగా ఇస్తుంది.

ఆ చెట్టు గురించే ఈ ఉత్తరం. పోయిన వారం మీ పెదనాన్న కర్మలు ముగిశాక మన వంశం పెద్దలంతా రాగికల్లు కుండ చుట్టూ పీల్చే గొట్టాలు పట్టుకుని కూర్చున్నారు. కొత్త చర్చికి తలుపూ బల్లలూ కావాలి, నైగాగా వాకిట్లో మ్వులే తప్ప ఈ చుట్టుపక్కల కోయదగ్గ చెట్టు లేదు, అది ఎటూ కాసేది కాదు అని చర్చి పనులు చూసే నబేటా మొదలుపెట్టాడు. గొడ్డలి వెనకవైపుతో కొట్టి చూశాడట, లోపల తొర్ర లేదట. మీ నాన్న తొర్ర ఉందన్నాడు కాబట్టే అది ఇన్నాళ్ళు నిలిచింది. మన బుసోగా సీమలో సగం మ్వులేలు కోసిన మనిషికి ఆ ఒక్క చెట్టు దగ్గర అంచనా తప్పింది, నా అదృష్టం.

అప్పుడు ఎవడో కుర్రాడు, "ఏది, నైగాగా చెట్టేనా?" అన్నాడు. అంతే, అందరూ నేల చూపులు. నా ఎదురుగా ఆ పేరు ఎవరూ అనరు. నాకు తెలియదనుకుంటున్నారు కాబోలు. ముప్పై ఏళ్ళ కిందట నా మొగుడు ముగోయా నన్ను పుట్టింటికి పంపేసిన ఏడాది నుంచి దానికి అదే పేరు. కాయని చెట్టూ కనని ఆడదీ ఒకే వాకిట్లో ఉంటే ఒక్క పేరు సరిపోతుంది కదా.

చర్చికి ఇంకా పునాదులే పడ్డాయి. గోడలు లేవాలి, కప్పు పడాలి, తలుపు ఆఖరున. నాకు ఏడాది గడువుంది. మీ తోటలో మన దేశపు చెట్లన్నీ పోగేసి పెంచుతున్నారనీ, ఎక్కడిదో ఎవరిచ్చారో ప్రతి చెట్టుకీ రేకు మీద రాసి కడతారనీ అన్నావు. దీన్ని కోసేలోగా దీని బిడ్డ ఒకటి నీ దగ్గర పెరగాలి. నాకు ఎటూ లేదు, దీనికైనా ఉండనీ. గింజ లేకుండా మొక్క ఎలా వస్తుందో చదువుకున్నదానివి, నువ్వే చెప్పు.

ఇంకా పార ఎత్తగల నీ అత్త,
నైగాగా

---

నది ఒడ్డు తోట, జింజా
21 ఫిబ్రవరి 1995

అత్తకి, మోకాళ్ళ మీద నమస్కారం.

ఐదు నెలలు నిజమే. క్షమించమని అడగను, నువ్వు క్షమించేదాకా తిట్టు.

గింజ అక్కర్లేదు. మ్వులే వేరు ముక్క నుంచి కూడా చిగురిస్తుంది. బొటనవేలు లావున్న వేరు చూసి, జానెడు ముక్కలు కొయ్యి. చెట్టు వైపు ఉన్న కొసకి దారం కట్టు, లేకపోతే నేను తలకిందులుగా పాతుతాను. తడి అరటి నారలో చుట్టి బస్సు డ్రైవరుకి ఇవ్వు. ఇంకో పని. ఇప్పుడు చెట్టు మీద ఏ పువ్వుంటే ఆ పువ్వుతో ఒక చిన్న కొమ్మ పాత పేపర్ల మధ్య పెట్టి, బరువు కింద ఎండబెట్టి పంపు. మా తోట రికార్డులో అది లేకపోతే చెట్టుని చెట్టని ఒప్పుకోరు.

ఇక్కడ రెండు వందల రకాలు దాటాయి. మ్వులే ఒక్కటీ లేదు. నిన్న కొత్త మడి తవ్వుతుంటే పచ్చి చెక్కపొట్టు వాసన వచ్చింది, ఎక్కడి నుంచో తెలియదు. నాన్నా, ఆయన రంపం జతగాడు బజీబూ కోతగుంట దగ్గర ఉన్న రోజులు గుర్తొచ్చాయి. నాన్న పైన దుంగ మీద నిలబడి, బజీబు కింద గుంటలో ఉండి, ఇద్దరూ ఆ పొడుగు రంపాన్ని లాగుతుంటే నేను అన్నం తీసుకెళ్ళేదాన్ని. బజీబు జుట్టంతా పొట్టు. వేరుశనగ పులుసులో కూడా పొట్టే. "తిను, మ్వులే తింటే పొడుగవుతావు" అనేవాడు నాన్న. నేను పొడుగవలేదు.

ఆ పేరు సంగతి నీకు తెలుసని నాకు తెలియదు అత్తా. ఇంట్లో ఎవరం నీ ముందు అనేవాళ్ళం కాదు. ఇంతకంటే రాయలేకపోతున్నాను.

కాంటోనో

---

బుసెంగేరా
19 మార్చి 1995

కాంటోనోకి,

తొమ్మిది ముక్కలు పంపుతున్నాను. తవ్వుతుంటే ఊరు ఊరంతా వచ్చి చూసింది. నబేటా మీద మందు పాతిపెడుతున్నానని ఒకావిడ, వెండి దొరికిందని ఇంకొకావిడ. దొరికిందనే చెప్పాను. రేపటికి చర్చి పునాదులు కూడా తవ్వేస్తారు.

నీ కొమ్మని పది రోజులు నా పరుపు కింద పెట్టుకుని పడుకున్నాను, అంతకంటే బరువైనది ఇంట్లో లేదు. ఆ తెల్ల తోకలు రాలకుండా పేపరుకి కుట్టాను కూడా.

గోడలు మోకాలి ఎత్తుకి వచ్చాయి.

నీకు ముప్పై ఒకటి నిండాయి. పిల్లకి పెళ్ళి మాటలు చెప్పడం మేనత్త పని, నేనే చెప్పకపోతే ఊరు నన్నంటుంది. చెప్పేశాను. నా పని అయిపోయింది.

నీ అత్త

---

నది ఒడ్డు తోట, జింజా
4 జూన్ 1995

అత్తకి,

తొమ్మిదింట్లో నాలుగు బతికాయి. ఒకటి జానెడు ఎత్తు అయింది. మధ్యలో ఒక పురుగు ఆకుల మీద కురుపులు లేపి, మొలిచిన ఆరింట్లో రెండింటిని చంపింది. మ్వులే పసితనంలో దానికదే శత్రువట, నాలుగు ఒకచోట ఉంటే పురుగుకి పండగ. అందుకని వాటిని విడదీసి వేరే చెట్ల నీడలో దూరదూరంగా పెట్టాను. ఇప్పుడు బాగున్నాయి. నంబర్లు ఇచ్చారు, రేకులు కట్టాం.

నీ కొమ్మని కంపాలాలో మొక్కలు గుర్తుపట్టే ఒక పెద్దాయనకి పంపాం. ఆయన అన్నీ నిదానంగా చూస్తారు. ఆ కుట్టు చూసి, ఇంత శుభ్రంగా ఎవరు కుట్టారని అడిగారట.

కాంటోనో

---

బుసెంగేరా
30 జూలై 1995

కాంటోనోకి,

మన టీచరు నంగోబి పిల్లల్ని మీ తోట చూపించడానికి తీసుకెళ్ళింది. వచ్చి నాతో, "మీ చెట్టు చూశాను, రేకు మీద మీ అన్న బలికోవా పేరుంది, ఎంత గర్వంగా ఉందో" అంది. మళ్ళీ అడిగాను. నా పేరు లేదు, బలికోవా అనే ఉంది అంది.

తల కొట్టేసినట్టయింది. వేరు తవ్వింది నేను. నడుం పట్టేసి నాలుగు రోజులు మంచం మీద పడింది నేను. ముప్పై ఏళ్ళు దాని చెత్త ఊడ్చింది నేను. మా అన్న ఈ నేల మీద ఉన్న ప్రతి మ్వులేకీ రంపం పెట్టాడు, దీన్ని తొర్ర ఉందని వదిలేశాడు గానీ లేకపోతే దీన్నీ కోసేవాడే. చనిపోయినవాడిని అనకూడదు, అంటున్నాను. చెట్లు కోసిన మనిషి పేరు చెట్టుకి కట్టావు. నాకు ఎటూ నా పేరు నిలబెట్టే పిల్లలు లేరు కాబట్టి ఒక రేకు ముక్క దొరుకుతుందనుకున్నాను. నా ఆశకి నేనే సిగ్గుపడుతున్నాను.

గోడలు కిటికీల దాకా వచ్చాయి.

నైగాగా

---

నది ఒడ్డు తోట, జింజా
14 ఆగస్టు 1995

అత్తకి,

నువ్వు తిట్టిన ప్రతి మాటా నాకు చెందుతుంది. ఆ రేకు మీద నాన్న పేరు రాయడానికి ఒక కారణం ఉంది. అది ఉత్తరంలో రాసేది కాదు, ఎదురుగా కూర్చుని చెప్పాలి. అంతవరకూ కోపంగానే ఉండు, కానీ ఈ మిగిలింది చదువు.

కంపాలా పెద్దాయన జవాబిచ్చారు. నీ చెట్టు మగది.

మ్వులేల్లో మగ చెట్లు వేరు, ఆడ చెట్లు వేరు అత్తా. ఆ తెల్ల తోకలు మగపువ్వులు. వాటి పుప్పొడి గాలికి ఎగిరి, ఎక్కడో ఉన్న ఆడ చెట్టుకి తగిలితే ఆ చెట్టు కాస్తుంది. మగది ఎన్నేళ్ళున్నా కాయదు, అది దాని పని కాదు. నీ చెట్టు గొడ్డుది కాదు, ఏనాడూ కాదు. మొదటి ఉత్తరంలో తోకలని రాసినప్పుడే నేను అడగాల్సింది. చెట్ల చదువు చదివి, ఊళ్ళో అందరిలాగే నేనూ అది కాయని చెట్టనుకున్నాను.

ఇంకో తెలివితక్కువ పని. వేరు ముక్కలన్నీ ఆ చెట్టువే కాబట్టి నాలుగు మొక్కలూ మగవే. ఎంత పెరిగినా ఈ తోటలో ఒక్క గింజ పుట్టదు. మీ దగ్గర కాసే మ్వులే ఎక్కడైనా మిగిలి ఉందా? మీ చెట్టు గాలి తగిలేంత దూరంలో ఉంటే ఇంకా మంచిది.

కాంటోనో

---

బుసెంగేరా
2 సెప్టెంబరు 1995

కాంటోనోకి,

ఉత్తరం మూడుసార్లు చదివాను. తర్వాత వెళ్ళి చెట్టు కింద నిలబడి, "ఏవయ్యా, ఇన్నాళ్ళు చెప్పవేం" అన్నాను. నవ్వొచ్చింది. ఆ తర్వాత కూర్చుని ఏడ్చాను. అది మగవాడు, దాని పక్కన నన్ను కూర్చోబెట్టి ఒకే పేరు పెట్టారు.

నబేటాకి చెప్పాను. "మగదైతే ఏం, ఆడదైతే ఏం, పలక పలకే" అన్నాడు.

కాసే చెట్టు ఒకటుంది. జమ్ము చిత్తడికి అవతల, ముగోయా వాళ్ళ సమాధుల దగ్గర. అక్కడికి నేను వెళ్ళను. నువ్వు అడగకు.

రేకు సంగతి నేను మర్చిపోలేదు.

నైగాగా

---

బుసెంగేరా
17 మార్చి 1996

కాంటోనోకి,

వెళ్ళాను.

కప్పు పడింది. రేకులు ఎండలో కళ్ళు చెదిరేలా మెరుస్తున్నాయి. తలుపు లేదు, మేకలు లోపలికొచ్చి పడుకుంటున్నాయి. ఈస్టరు మర్నాడు పెద్దలు కూర్చుని చెట్టు కోసే రోజు ఖాయం చేస్తారట. ఆ మాట విన్న పొద్దున్నే పాత గుడ్డలో నాలుగు ఉడికించిన దుంపలు కట్టుకుని చిత్తడి గట్టు మీద నడిచాను. ఈ దారిలోనే ఆ రోజు నా చాపా కుండా నెత్తిన పెట్టుకుని ఇటు వచ్చాను. అప్పుడు గట్టు ఇంత ఇరుకు కాదనిపించింది, లేకపోతే నేనే లావయ్యాను.

ముగోయా వాకిట్లో కూర్చుని బుట్ట అల్లుతున్నాడు. మోకాళ్ళ మీద కూర్చుని పలకరించాను. పద్ధతి పద్ధతే. లేచేటప్పుడు మోకాలు పట్టేస్తే అతనే చెయ్యి అందించాడు. ఆ చెయ్యి కూడా నాదానిలాగే ముసలిదైంది. అతని భార్య తిబీవా "అక్కా" అని పీట వేసి, వేయించిన వేరుశనగలు పెట్టింది. ఏడుగురు పిల్లలు వాళ్ళకి. లోపం నాలోనే ఉందని నాకు ఎప్పుడో తెలుసు, దాని గురించి కొత్తగా ఏడవడానికి వెళ్ళలేదు.

"మీ మ్వులే కాయలు నాలుగు కావాలి" అన్నాను.

"ముప్పై ఏళ్ళకి వచ్చి కాయలడుగుతావా?" అన్నాడు.

"అప్పుడు అడిగిన కాయ ఒక్కటీ ఇవ్వలేదుగా" అన్నాను. తిబీవా కొంగు అడ్డుపెట్టుకుని నవ్వింది. అతనికి కోపం రాలేదు, వయసు మంచిదే చేసింది.

చెట్టు కింద కాయలు పచ్చగా, మెత్తగా, వేలంత పొడుగున రాలి ఉన్నాయి. గబ్బిలాలు సగం తిని పారేస్తాయట. అతను అన్నాడు, "ఏం చేసుకుంటావో గానీ మాకు మాత్రం ప్రాణం తీస్తోంది. వాన పడితే చాలు, కాఫీ తోటనిండా దీని మొక్కలే. పీకలేక చస్తున్నాం."

వెళ్ళి చూశాను. కాఫీ చెట్ల మధ్య ఎక్కడ చూసినా మ్వులే మొక్కలు. కొన్ని నా నడుం దాకా ఉన్నాయి. నువ్వు రాసింది గుర్తొచ్చింది. "ఈ చుట్టుపక్కల ఇంకో మ్వులే ఉందా?" అని అడిగాను. "ఎక్కడిది? మీ అన్న కోసేశాడుగా అన్నీ. ఇది సమాధుల దగ్గరుందని నేను కోయనివ్వలేదు. ఇంక ఉన్నదల్లా నీ వాకిట్లోదే" అన్నాడు.

కాంటోనో, నేను ఆ కాఫీ తోటలో నేల మీద కూర్చుండిపోయాను. పిల్లలు లేరని ఏ వాకిలి నుంచి నన్ను పంపించారో ఆ వాకిట్లో నా చెట్టు పిల్లలు కలుపు మొక్కల్లా మొలుస్తున్నారు, వీళ్ళు పీకి పారేస్తున్నారు. తిబీవా పరిగెత్తుకొచ్చి ఎండదెబ్బ అనుకుని నీళ్ళు తెచ్చింది. ఆమెకి చెప్పాను. ఆమె వంగి నా పక్కనున్న మొక్క మొదట్లో మట్టి అదిమింది. తర్వాత, "ఇక పీకనివ్వను అక్కా" అంది.

కాయలు ఒక బుట్టెడు, మట్టితో సహా మూడు మొక్కలు పంపుతున్నాను. బుట్ట ముగోయా అల్లిందే, వెనక్కి పంపక్కర్లేదన్నాడు.

నీ అత్త నైగాగా

---

నది ఒడ్డు తోట, జింజా
25 మార్చి 1996

అత్తకి,

బుట్ట చేరింది. కాయలు పిసికి, కడిగి, ఆ నలకలంత గింజల్ని అదే రోజు చల్లాను. పైన మట్టి కప్పలేదు, వాటికి వెలుతురు తగలాలి. మా మేనేజరు వచ్చి చూసి, ఇంకో రెండు మళ్ళు ఇస్తానన్నారు. వీటిలో ఆడవీ ఉంటాయి, మగవీ ఉంటాయి. నేను రిటైరయ్యేలోగా కాస్తాయేమో, అప్పటికి నేనూ ముసలిదాన్నే.

నీ చెట్టు కోస్తే ముగోయా చెట్టు మరుసటి ఏడాది నుంచి వట్టి కాయలే కాస్తుంది, లోపల గింజ ఉండదు. ఈ మాట నబేటాకి తోట తరఫున ముద్ర వేసి విడిగా రాశాను.

ఎదురుగా చెబుతానన్నది ఇప్పుడే రాస్తున్నాను, ఈస్టరుకి నాకు సెలవు దొరకలేదు.

నాకు తొమ్మిదేళ్ళు. అన్నం తీసుకుని కోతగుంట దగ్గరికి వెళ్ళేసరికి ఒక వ్యాపారి నాన్నతో మాట్లాడుతున్నాడు. మీ వాకిట్లో చెట్టు కావాలట, ఎంతైనా ఇస్తాడట. నాన్న, "అది తొర్ర" అన్నాడు. అతను వెళ్ళిపోయాక బజీబు గుంటలోంచి తల పైకెత్తి, "తొర్రేంటి, రాయిలా ఉంది కదా" అన్నాడు. నాన్న రంపం కింద పెట్టి అన్నాడు, "అది నా చెల్లెలి పేరు పెట్టుకున్న చెట్టు. దాన్ని కోసి పలకలు చేసి అమ్మితే నా చెల్లెల్ని ఇంకోసారి ఇంట్లోంచి పంపేసినట్టే. నేను బతికుండగా తొర్రే." తర్వాత నన్ను చూసి, "అత్తకి చెప్పకు, ఆ పేరు దాని చెవిన పడకూడదు" అన్నాడు.

చెప్పలేదు. రికార్డు కాగితంలో చెట్టుని కాపాడినవాళ్ళ పేరు అని ఒక గడి ఉంది. నాకు ఆయనే తట్టాడు. ఇచ్చినవాళ్ళ గడిలో నీ పేరుంది అత్తా, రేకు మీద ఒక్క పేరే పడుతుందని గుమాస్తా పైదే చెక్కాడు. నేను చూసి కూడా మార్పించలేదు. అది నా తప్పు.

బజీబు ఇంకా ఉన్నాడుగా. అడుగు.

కాంటోనో

---

బుసెంగేరా
9 ఏప్రిల్ 1996

కాంటోనోకి,

నీ ఉత్తరం ఈస్టరు ముందు రోజు అందింది. మర్నాడు చర్చిలో ఏం పాడారో నాకు తెలియదు.

నిన్న అందరూ నా వాకిట్లోనే కూర్చున్నారు. నబేటా నీ ముద్ర ఉత్తరం చదివించి, "చిత్తడి అవతలి వాళ్ళ చెట్టు కాస్తే మనకేం, కాయకపోతే మనకేం" అన్నాడు. పలకలు ఎన్ని వస్తాయో చెప్పడానికి బజీబుని పిలిపించారు. ఈ ఊళ్ళో ఇంకా ఆ రంపం పట్టగలిగినవాడు అతనొక్కడే. చెవి సరిగా వినబడదు. కొలతాడు తీసుకుని చెట్టు చుట్టూ తిరుగుతుంటే నేను లేచి, ఆడదాన్ని పెద్దల మధ్య మాట్లాడకూడదని తెలిసీ, గట్టిగా అడిగాను: "బజీబూ, మా అన్న దీన్ని ఎందుకు కోయలేదు?"

అతను నన్ను చూశాడు. నబేటాని చూశాడు. "తొర్ర అన్నాడు" అన్నాడు.

"తొర్ర ఉందా?"

చెట్టు మీద చెయ్యి వేశాడు. "లేదు. నీ పేరుంది" అన్నాడు. తర్వాత మీ నాన్న అన్న మాటలన్నీ, నువ్వు రాసినవే, ఒక్కటి తప్పకుండా చెప్పాడు. మీ నాన్న గొంతుతోనే చెప్పినట్టుంది. అందరూ మళ్ళీ నేల చూపులు. ఈసారి నేను చూడలేదు. బజీబు కొలతాడు చుట్టి జేబులో పెట్టుకుని, "ఇది నేను కోయను. నేర్చుకున్నవాడు ఇంకెవడైనా ఉంటే పిలుచుకోండి" అని వెళ్ళి నీడలో కూర్చున్నాడు.

"మరి తలుపు?" అన్నాడు నబేటా.

"నీ వాకిట్లో రెండు పనస చెట్లున్నాయిగా" అంది పక్కింటావిడ. చివరికి అదే ఖాయమైంది. నబేటా నాతో మాట్లాడటం లేదు. పనసకాయలు ముదిరాక వాళ్ళావిడ ఒకటి పంపుతానంది.

కాంటోనో, మా అన్న చనిపోయి పదకొండేళ్ళు. ఆయన రంపం శబ్దం వినిపించినప్పుడల్లా నేను పళ్ళు కొరికేదాన్ని. మ్వులేలన్నీ కోసి నాదాన్ని తొర్ర అన్నాడు, నన్నూ అలాగే అనుకుంటాడేమో అనుకునేదాన్ని. పండగకి గుడ్డలు తెస్తే పలకరించకుండా తీసుకునేదాన్ని. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. ఇప్పుడు ఎవరితో చెప్పుకోను. నీతోనే చెబుతున్నాను.

ఆ నాలుగు మొక్కల రేకులు మార్పించు. మా అన్న పేరు తీసెయ్యకు, పక్కన నా పేరు చెక్కించు. చోటు లేదంటే పెద్ద రేకు కొనమను. ముగోయా ఇంటి మొక్కలకి తిబీవా పేరు రాయి, ఆమె మాట నిలబెట్టుకుంటోంది. ఇక చెట్టు పేరు అడుగుతారు కదా, మ్వులే అని రాసి దాని కింద నైగాగా చెట్టు అని రాయించు. ఆ పేరు విని ముప్పై ఏళ్ళు నేను తల దించుకున్నాను. ఆ పేరు కోసమే మా అన్న రంపం దించాడు.

తోకలు మళ్ళీ రాలుతున్నాయి. ఊడవలేదు.

నీ అత్త,
నైగాగా